లక్షా ముప్పై ఒక్క వేల డెబ్బై ఒకటి

మొన్న మా మనవరాలు నన్ను చూడ్డానికి వచ్చింది. వస్తే ఊరికే కూర్చోదు, ఫోన్లో చదివినవన్నీ నాకు అప్పజెబుతుంది. కాఫీ గ్లాసు చేతికిస్తూ, ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్యను కొత్తగా కనిపెట్టారట, రాస్తూ పోతే అంకెలే కోట్లలో ఉంటాయట అని చెప్పింది. ప్రధాన సంఖ్యంటే నాకు తెలియదనుకుని విడమరిచింది కూడా. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేని సంఖ్య అట. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆ నవ్వు ఆగలేదు. కాఫీ చీర మీద ఒలికింది, ఆయాసం వచ్చింది, అది భయపడి నా వీపు రాసింది. ఏమైంది అమ్మమ్మా అంటే, మా పిన్ని పెళ్లి గుర్తొచ్చిందే అన్నాను. ప్రధాన సంఖ్యకీ పెళ్లికీ ఏమిటి సంబంధమని అది నోరు తెరిచింది. పెళ్లి తప్పిపోబోయింది దానివల్లే, కుదిరిందీ దానివల్లేనని చెబితే పెద్దావిడకు మతి చలించిందనుకుంటుందని, ఆ సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా.

మాది నేత ఇల్లు. మంగళగిరిలో తాతయ్య ఇంటి ముందుగదిలో రెండు గుంట మగ్గాలుండేవి. నేలలో తవ్విన గోతిలోకి కాళ్లు దించి, అంచు మీద కూర్చుని నేసే మగ్గాలవి. తెలియనివాళ్లు ఆ గదిలోకి వస్తే ముందు గుంటలు చూపించి, ఆ తర్వాతే మంచినీళ్లిచ్చేవాళ్లం. ఇంటినిండా గంజి వాసన. తెల్లవారకముందే పడుగు, అంటే చీరకు నిలువుగా వచ్చే పోగులన్నీ, వీధి పొడుగునా సాగదీసి కట్టి గంజి పట్టించేవాళ్లు. ఆ పుల్లటి వాసన తలలోకీ, అన్నంలోకీ, పక్కబట్టల్లోకీ ఎక్కేది. బడిలో కళ్లు మూసుకుని వాసన చూసి ఎవరు నేతవాళ్ల పిల్లలో చెప్పేయొచ్చు. అప్పుడు యుద్ధం నడుస్తోంది. నూలుకు కంట్రోలు పెట్టారు. నాన్న నూలు కోసం ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు కాబట్టి అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. నాన్న తెచ్చే నూలు ఒక మగ్గానికి సగం నెలకు కూడా చాలేది కాదు. దానికి తోడు ఆ ఏడు వానలు పట్టుకున్నాయి. వానలో పడుగు సాగదీయడానికి లేదు. చేతినిండా పనికి అలవాటుపడ్డ ఇల్లు ఊరికే కూర్చుంటే ఏమవుతుందో ఆ వానాకాలంలో చూశాను.

తాతయ్య ఎంత పెద్ద నేతగాడో అంత మొండిమనిషి. కొండమీది పానకాల స్వామి భక్తుడు. స్వామికి బిందెడు పానకం పోసినా చెంబెడు పోసినా సగం తాగి సగం వెనక్కిస్తాడని మా ఊరి నమ్మకం. తాతయ్య దాన్ని భక్తితో సరిపెట్టుకోలేదు, ఇంటి చట్టం చేశాడు. అరటిపండిస్తే సగం తుంచి తిరిగిచ్చేవాడు. ఇడ్లీ పెడితే సగం చేసి ఒక సగం పక్కన పెట్టేవాడు. కాసేపయ్యాక ఆ సగం కూడా తనే తినేసేవాడనుకోండి, అది వేరే సంగతి. సగమవ్వని వస్తువు స్వామి సృష్టించలేదని ఆయన వాదన. అమ్మమ్మ ఆ వాదనకు బదులు చెప్పేది కాదు. ఆవిడ మాట్లాడితే గిన్నెలతో మాట్లాడేది. కోపమొచ్చినప్పుడు ఏ గిన్నెను ఏమని తిట్టిందో వింటే ఇంట్లో ఎవరిమీద కోపమో తెలిసిపోయేది.

పిన్ని పేరు అనసూయ. అమ్మకు చెల్లెలు, నాకంటే పదేళ్లు పెద్ద. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ పైతరగతి మా ఊళ్లో ఆడపిల్లలకు లేదు. లెక్కలంటే మాత్రం పిన్నికి తిండికంటే ఇష్టం. పడుగులో పోగుల లెక్క తప్పితే తాతయ్య పిన్నినే పిలిచేవాడు. ఆవిడ పోగుల మీద వేళ్లు పోనిస్తూ నడిచి, అవతలి చివర చేరేసరికి ఎక్కడ తప్పిందో చెప్పేసేది. ఇంకా ఒక గుణముంది, నవ్వొస్తే ఆపుకోలేదు. మా వంశంలో ఆడవాళ్లందరికీ ఉన్నదే. పెళ్లిచూపుల నాడు మాత్రం ఎట్లాగైనా ఆపుకోమ్మా అని అమ్మ పిన్ని చేత ఒట్టు వేయించుకుంది.

సంబంధం తెచ్చింది మా వీధి చివరింటి సూరమ్మగారు. పెళ్లికొడుకు పేరు పుండరీకం. బెజవాడ పక్కన పటమటలో ఇల్లు, బెజవాడలో ఒక బడిలో లెక్కల మాస్టారు. వాళ్లదీ నేత వంశమే గానీ వాళ్ల తాతల నాడే మగ్గం మానేసి బట్టల వ్యాపారంలోకి దిగారు. తల్లిని వెంటబెట్టుకుని రైల్లో వచ్చాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వచ్చినప్పటినుంచీ చాప అల్లికను చూస్తున్నాడే తప్ప తలెత్తలేదు. మా ఇళ్లలో పెళ్లికూతుర్ని పాట పాడమనరు. తెగిన పోగు చేతికిచ్చి అతకమంటారు. ముడి కనపడకూడదు, లాగితే ఊడకూడదు. పిన్ని అతికి ఇచ్చింది. పుండరీకంగారి తల్లి రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగింది. పోగు ఇంకోచోట తెగింది గానీ ముడి దగ్గర తెగలేదు. ఆవిడ తృప్తిగా తలాడించి, నువ్వేమన్నా అడుగుతావా నాయనా అని కొడుకుని కదిపింది.

ఆయన మర్యాద కోసం లేచి నిలబడ్డాడు. నిలబడి, ఎవరూ తోయకుండానే రెండడుగులు వెనక్కి వేసి, తిన్నగా మగ్గం గుంటలోకి దిగిపోయాడు. ఆవేళ హడావిడిలో గుంటలు చూపించడం అందరం మర్చిపోయాం. తొడల దాకా లోపలికి వెళ్లిపోయి, చేతులు రెండూ మగ్గం మీద ఆనించి, సరిగ్గా నేతకు కూర్చోబోతున్నవాడిలా ఆగిపోయాడు. పిన్ని వేసిన ఒట్టు గాలికి పోయింది. కిలకిలా నవ్వింది. అప్పుడు తలెత్తి పిన్నిని చూశాడాయన, మొదటిసారి. చూసి, బయటికి రావడం సంగతి మర్చిపోయి, గుంటలోనుంచే అడిగాడు.

“మీకు లెక్కలొచ్చా అండీ?”

వచ్చండీ అంది పిన్ని.

“అయితే, లక్షా ముప్పై ఒక్క వేల డెబ్బై ఒకటి. దాన్ని ఏ సంఖ్య భాగిస్తుందండీ?”

పిన్ని నవ్వు ఆపేసింది. కళ్లు పైకెత్తి ఒక్క క్షణం ఆ సంఖ్యను చూసుకుంది. భాగించి చూసి చెప్తానండీ అంది. తాతయ్య, అమ్మా కలిసి పెళ్లికొడుకును పైకి లాగారు. కాఫీ, పులిహోర అయ్యాక వాళ్లు సాయంత్రం బండికి వెళ్లిపోయారు. అబ్బాయివాళ్లు అడిగినదానికి ఆడపిల్లవాళ్లు బదులిచ్చేదాకా ఇటు కబురు అటు పోదు, అటు కబురు ఇటు రాదు. అది మావాళ్ల పద్ధతి. మామూలుగా అడిగేది, పిల్లకు ఏ అంచు నేయడం వచ్చు, ఎన్నేళ్లు లాంటివి కాబట్టి బదులు కాఫీ చల్లారేలోగా వచ్చేసేది. ఈ పెళ్లికొడుకు మాత్రం లక్ష దాటిన ప్రశ్న వేసి రైలెక్కాడు. ఆ రాత్రి అన్నాలు తింటూ పిన్ని అమ్మతో సిగ్గుపడకుండా ఉన్నమాట చెప్పేసింది.

“గుంటలో పడ్డ మనిషి బయటికి రావడం కూడా మర్చిపోయి లెక్క అడిగాడక్కా. నాకు ఆయనే కావాలి.”

మర్నాటినుంచి మా ఇంట్లో భాగాహారాల కాలం మొదలైంది. పిన్ని పలక ముందేసుకుని కూర్చుని మాకందరికీ పాఠం చెప్పింది. అన్ని సంఖ్యలతోనూ చేయనక్కర్లేదట. ఆరు భాగించాలంటే ముందు రెండూ మూడూ భాగించాలి, కాబట్టి ఆరుతో పని లేదు. పది, పదిహేను, ఇరవై ఒకటి, అన్నీ అంతే. ఇంకా విడగొట్టలేని సంఖ్యలు మాత్రం తీసుకుంటే చాలు. పోనీ ఎంతదాకా? మూడొందల అరవై రెండు దాకా చాలునంది, దాన్ని దానితోనే హెచ్చిస్తే దాదాపు మన సంఖ్య వచ్చేస్తుందట. అంతకంటే పెద్దది భాగిస్తే, దాని జోడీ అంతకంటే చిన్నదై ఉండాలి, అది మనకు ముందే దొరికిపోతుంది. చీరకు ఒక అంచు చేతికొస్తే రెండో అంచు ఎక్కడికి పోతుంది అంది. అది విని అమ్మమ్మ కూడా తలూపింది. అట్లా లెక్కవేస్తే డెబ్బై రెండు సంఖ్యలు తేలాయి. వాటిని ఇంటిల్లిపాదికీ పంచింది.

అమ్మమ్మకు రెండు, మూడు, ఐదు ఇచ్చింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఆవిడ మూడూ పూర్తిచేసి, మూడింటికీ ఒకటే మిగిలిందని ప్రకటించి, నా పని అయిపోయింది, ఇక మీ ఖర్మ అని చేతులు దులుపుకుంది. నా వంతు ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. ఏడుకు మూడు మిగిలింది. పదకొండుకు ఆరు. పదమూడుకు ఐదు. పదిహేడు దగ్గరికొచ్చేసరికి నాకూ అమ్మమ్మలాగే ఒకటి మిగిలింది. ఆ ఒక్కటీ లేకపోతే పిన్ని పెళ్లయిపోయేది కదా అని నాకెంత ఉక్రోషమొచ్చిందో! ఎవరూ చూడకుండా చెరిపేద్దామా అనిపించింది. పంతొమ్మిది నుంచి నూరు లోపలివన్నీ పిన్ని తనే ఉంచుకుంది. నూరు నుంచి రెండొందలదాకా అమ్మ చేసింది. అమ్మ పప్పు రుబ్బుతూ నోటితోనే చేసేది. నూట ఇరవై ఏడు వేళ ఆపకుండా రుబ్బేసరికి పిండి గంధంలా నలిగిపోయి, వడలు నూనెలో విచ్చిపోయాయి. పై సంఖ్యలు తాతయ్యవి. ఎవరు చేసినా సాయంత్రం పిన్ని సరిచూసేది. వాన కురుస్తూనే ఉండేది. వీధిలోవాళ్లు నూలు లేక దిగాలుగా అరుగుల మీద కూర్చుంటే, మా ఇంట్లోంచి మాత్రం, ఎంత మిగిలింది, ఎంత మిగిలింది అని కేకలు, నవ్వులు. యుద్ధంలో నూలు లేని ఇంట ఇంత ఆనందమేమిటని చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక సంఖ్య పట్టుకుని పోయేవాళ్లు.

తాతయ్యకు పలక మీద రాయడం నచ్చదు. పెరటి గోడ మీద బొగ్గుతో రాసేవాడు. పిన్ని ఇచ్చిన సంఖ్యలు ఆయనకు ఎంతకూ కొరుకుడు పడలేదు. ఒకరోజు విసుగొచ్చి, స్వామి ఎట్లా చేస్తాడో నేనూ అట్లాగే చేస్తానని గోడ పైన సంఖ్య రాసి సగం చేయడం మొదలుపెట్టాడు. సగం అయింది. దాన్ని మళ్లీ సగం చేశాడు. అదీ అయింది. ఒక్కో వరసే కిందికి దిగుతూ, నిలబడి రాసినవాడు వంగి, వంగినవాడు గొంతుక్కూర్చుని, చివరికి నేలకు జానెడెత్తున రెండు వేసి, దాన్ని సగం చేసి ఒకటి వేశాడు. ఎక్కడా ఒక్క పిసరు మిగల్లేదు. పెరట్లోనుంచి ఆయన వేసిన కేకకు పక్కింటి కోళ్లు గోడెక్కాయి. భాగించడమేంది, నిలువునా నీరుగారిపోయిందిరా అంటూ ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. అమ్మమ్మ ఏ గిన్నెనూ తిట్టకుండా బెల్లం పరవాన్నం పెట్టింది. అమ్మ సూరమ్మగారికి కబురు పంపింది. తాతయ్య అప్పుడే వియ్యంకుడి హోదాలో తలపాగా చుట్టుకున్నాడు. నేను పరవాన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

పిన్ని నీళ్లబిందెతో వచ్చి, విషయం విని, బిందె దించకుండానే పెరట్లోకి వెళ్లింది. గోడ పైనుంచి కింది దాకా చూసింది. మళ్లీ పైకి చూసింది.

“నాన్నా, డెబ్బై ఒకటి బేసి సంఖ్య గదా, సగమెట్టా అయింది?”

తాతయ్య గోడ దగ్గరికి వెళ్లి చూశాడు. పైన రాసింది లక్షా ముప్పై ఒక్క వేల డెబ్బై రెండు. మా ఇంట్లో పడుగు లెక్క ఎప్పుడు రాసినా చివర ఒక పోగు ఎక్కువ వేసి రాయడం ఆచారం. నేతలో ఎక్కడో ఒక పోగు తెగుతుంది, అప్పుడు అక్కరకొస్తుందని. తాతయ్య యాభై ఏళ్లుగా ఏ సంఖ్య విన్నా ఒకటి కలిపి రాస్తున్నాడు. ఈ సంఖ్యకూ చెయ్యి తనంతట తానే ఆ పోగు వేసేసింది. సూరమ్మగారు గుమ్మంలోకి వచ్చేసరికి పరవాన్నం ఖాళీ, పెళ్లి రద్దు. అమ్మమ్మ లోపలికి వెళ్లి పెద్ద ఇత్తడి గిన్నెను బుద్ధిలేనిదానా అని తిట్టింది. పిన్ని మాత్రం బిందె పక్కన పెట్టి ఆ గోడ ముందే కూర్చుండిపోయింది. అప్పుడు మాకు చెప్పింది. ఒకటిని రెండింతలు, మళ్లీ రెండింతలు చేసుకుంటూ పదిహేడుసార్లు పోతే వచ్చే సంఖ్య ఇది, అందులోంచి ఒకటి తీసేస్తే ఆయన సంఖ్య. ఒక్క పోగు ఎక్కువుంటే నేలదాకా తెగేది, ఆ పోగు తీసేస్తే అసలే తెగడం లేదా అని తాతయ్య గొణిగాడు. ఆ మాట అంటూ ఆయన మొహంలో కనిపించిన అయోమయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

నవ్వు తెప్పించని మాట అన్నది సూరమ్మగారు. వచ్చినందుకు పరవాన్నం దొరకలేదన్న కష్టమూ ఉండొచ్చు. ఎన్నిటితో చేశారు, ఎన్ని మిగిలాయి అని అడిగి తెలుసుకుని, కూర్చోకుండానే తేల్చేసింది.

“ఆయన లెక్కల పంతులు. అది తెగదని ఆయనకు తెలవదా ఏంది? పిల్ల నచ్చలేదని మొహమ్మీద చెప్పలేక తెగని లెక్క పడేసి పోయాడు.”

ఇల్లు ఒక్కసారిగా చల్లబడిపోయింది. అంతవరకూ పిన్నికి అది ఆటే. పొద్దున్నే లేచి ఏ సంఖ్యతో ఆడదామా అని ఎదురుచూసేది. ఆ రోజునుంచీ భాగించే ప్రతిసారీ గుండె చేత్తో పట్టుకుని భాగించేది. ఒక్క సంఖ్యకు తెగితే చాలు, ఆయన నిజంగా అడిగినట్టే. దేనికీ తెగకపోతే ఆయన తనను వద్దన్నట్టే. పలక మీద గీత గీసి శేషం దగ్గరికి రాగానే కళ్లు మూసుకునేది. నన్ను చూసి చెప్పమనేది. నేను చూసి, మిగిలింది పిన్నీ అనేదాన్ని. అది చెప్పడం నాకు ఎంత బాధగా ఉండేదో! మూడొందల నలభై తొమ్మిది అయింది. మూడొందల యాభై మూడు అయింది. చిట్టచివరిది మూడొందల యాభై తొమ్మిది. దానికోసం అందరం పలక చుట్టూ చేరాం. అమ్మమ్మ కొండకు మొక్కుకుంది. తాతయ్య పోగు కలపకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఆరు మిగిలింది. పిన్ని పలకను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. వాన కూడా ఆ రోజే వెలిసింది.

రెండు రోజులు పలక ముట్టలేదు. మూడోరోజు తాతయ్య నూలు కోసం బెజవాడ డిపోకు బయలుదేరుతుంటే, తల దువ్వుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నేనూ వస్తాను నాన్నా, ఆయనకు జవాబు నేనే చెప్తాను అంది. పెళ్లికాని పిల్ల పెళ్లికొడుకు ఇంటికి తనే వెళ్లడం మా వీధిలో వినలేదు, కనలేదు. సూరమ్మగారు విని బుగ్గలు నొక్కుకుంది. తాతయ్య మొదట వద్దన్నాడు. పిన్ని ఒకే మాట అంది. అడిగింది నన్ను, భాగించింది నేను, ఇంకొకళ్ల చేత చెప్పిస్తే ఒక పోగు కలిపి చెప్తారు అంది. తాతయ్య చెప్పులు తొడుక్కున్నాడు. తోడుగా నేనూ బయలుదేరాను. రైలు కృష్ణ వంతెన ఎక్కినప్పుడు అందరూ చేతులు జోడించారు. కింద నది నిండా ఎర్రనీళ్లు. పిన్ని కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతోంది. మొక్కుకుంటోందనుకున్నాను. దగ్గరికి జరిగి వింటే, నూట ముప్పై ఏడు, రెండొందల ముప్పై తొమ్మిది అంటోంది.

నా మనవరాలు ఇదంతా వింటూ మధ్యలో ఫోన్లో ఆ సంఖ్య కొట్టింది. కొట్టి వేలు తీసేలోగా ప్రధాన సంఖ్య అని వచ్చేసింది. మా ఇల్లంతా ఒక వానాకాలం పట్టుకుని వేలాడిన సంగతి కనురెప్ప కొట్టేలోగా తేలిపోయింది. నాకు ఈర్ష్య లేదు. అప్పుడే ఆ ఫోనుంటే పిన్ని ఆ ఏడుపు ఏడ్చి ఉండేది కాదు. కానీ అమ్మమ్మ మూడు లెక్కలు గెలిచి చేతులు దులుపుకోవడం ఉండేదా? వీధివాళ్లు తలా ఒక సంఖ్య పట్టుకుని వెళ్లి, మర్నాడు తడుస్తూ వచ్చి, మాక్కూడా మిగిలింది అని చెప్పడం ఉండేదా? ఇప్పుడు మా ఇంట్లో ఐదుగురికి ఐదు ఫోన్లున్నాయి, ఒక్కొక్కటీ అన్నీ చెబుతుంది. ఒకే ప్రశ్న చుట్టూ ఐదుగురమూ కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తురావడం లేదు. ఆ రోజులు మంచివని నేననను. నూలు లేదు, పంచదార లేదు, ఆడపిల్లకు తొమ్మిదో తరగతి లేదు. అయినా అంతగా నవ్విన కాలం మళ్లీ నాకు రాలేదు.

బెజవాడ స్టేషన్లో దిగి జట్కా మాట్లాడుకుని పటమట వెళ్లాం. అప్పుడది ఊరవతల, చుట్టూ పొలాలు. పుండరీకంగారు అరుగు మీద కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. మమ్మల్ని చూసి లేచి, అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి వేశారు. ఈసారి వెనక గోడే ఉంది. వాళ్లమ్మ కంగారుపడుతూ మజ్జిగ తెచ్చింది. తాతయ్య గొంతు సవరించుకుని, మా అమ్మాయి మీతో ఏదో అని ఆపేశాడు. పిన్ని స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

“దేనికీ తెగదండీ అది. అన్నిటితోనూ చేశాను. ఒకటడుగుతాను, నిజం చెప్పండి. నన్నొద్దని చెప్పలేక అడిగారా?”

ఆయన చేతిలో కాగితాలు కింద పడ్డాయి. వాటిని ఏరుకోలేదు.

“కాదండీ. నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని మీకు చూపిద్దామనుకున్నాను. భయంతో ప్రశ్నగా అడిగేశాను. రైలు వంతెన మీదికొచ్చాక తెలిసింది, జవాబు లేనిది అడిగానని. మళ్లీ వచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు.”

వాళ్లమ్మ మజ్జిగ గ్లాసు తాతయ్య చేతికిచ్చేసింది. పిల్లకు మావాడు నచ్చలేదేమో, అందుకే బదులు రాలేదని ఇన్నాళ్లూ దిగులుపడ్డామని చెప్పి, కొడుకు వైపు తిరిగి మా అమ్మమ్మ గిన్నెలను తిట్టేదానికంటే నాలుగు మాటలు ఎక్కువే తిట్టింది. ఆయన సంతోషంగా తిట్లు తిన్నాడు. పిన్ని స్తంభం వదిలి అరుగు మీద కూర్చుంది. నాకు ఇంకో అనుమానముందండీ, నూట ముప్పై ఏడుతో చేసినా తొంభై తొమ్మిదే మిగిలింది, రెండొందల ముప్పై తొమ్మిదితో చేసినా తొంభై తొమ్మిదే మిగిలింది, ఎందుకని అంది. ఆయన ఇటికముక్క తీసుకుని అరుగు మీదే రాశాడు. ఆ రెంటినీ హెచ్చించి నాలుగింతలు చేస్తే, ఈ సంఖ్యకు సరిగ్గా తొంభై తొమ్మిది తక్కువొచ్చింది. అదా సంగతి అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. తాను దాన్ని పుస్తకంలో చదవడమేగానీ చేసి చూడలేదని, ఇప్పుడే చూస్తున్నానని ఆయన మురిసిపోయాడు. ఆ ఊపులో ఇంకో ముక్క కూడా చెప్పేశాడు. రెండింతలు చేసుకుంటూ పదిహేడుసార్లు పోయి ఒకటి తీసిన సంఖ్యను ప్రధాన సంఖ్య ఏదైనా భాగించాలంటే, అది ముప్పై నాలుగో ఎక్కంలో వచ్చే సంఖ్యకంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలట. మూడొందల అరవై రెండు లోపల అట్లాంటివి నూట మూడు, నూట ముప్పై ఏడు, రెండొందల ముప్పై తొమ్మిది, మూడొందల ఏడు. నాలుగే నాలుగు.

తాతయ్య మజ్జిగ గ్లాసు దించాడు. మేము డెబ్బై రెండు చేశామే అన్నాడు. అని, భుజాలు ఎగిరేలా నవ్వడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ నవ్వింది. పుండరీకంగారు నవ్వలేక నవ్వలేక నవ్వారు. నేను అరుగు మీద దొర్లాను. పిన్ని కళ్లు తుడుచుకుని ఆయన చేతిలోని ఇటికముక్క తీసుకుంది.

“అయితే ఇంకొకటి చూపించండి.”

ఆయన ఆలోచించకుండానే చెప్పాడు. ఐదు లక్షల ఇరవై నాలుగు వేల రెండు వందల ఎనభై ఏడు. పిన్ని దాన్ని అరుగు మీద మెల్లగా, ఒక్కో అంకే రాసుకుంది. రాసి, ఇటికముక్కను దాని పక్కనే పెట్టేసింది.

“ఇది ఇప్పుడు మొదలుపెట్టనండీ. మీ ఇంటికొచ్చాక మొదలుపెడతాను.”

వాళ్లమ్మ లేచి పంచాంగం తేవడానికి లోపలికి వెళ్లింది.